బాస్కెట్‌బాల్ లెక్కలు, 3వ పాఠం: నిమిషాలు పట్టి పోల్చడం

పోయిన పాఠంలో స్కోరుషీట్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఇద్దరు ఆటగాళ్లను పోలుద్దాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2023-24 సీజన్ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. మ్యాచ్‌కు సగటున:

నికోలా యోకిచ్: 34.6 నిమిషాలు, 26.4 పాయింట్లు, 12.4 రీబౌండ్లు (బుట్టలో పడని షాట్ తర్వాత బంతిని పట్టుకోవడం).
విక్టర్ వెంబన్యామా: 29.7 నిమిషాలు, 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు.

యోకిచ్ సెర్బియా వాడు. 2023లో డెన్వర్ నగ్గెట్స్‌కు టైటిల్ తెచ్చాడు, ఈ సీజన్‌తో మూడోసారి ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. వెంబన్యామా ఫ్రాన్స్ నుంచి వచ్చిన 7 అడుగుల 4 అంగుళాల కుర్రాడు. శాన్ ఆంటోనియో స్పర్స్‌లో అతనికి ఇదే మొదటి సీజన్.

నల్లగొండలో సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఈ కాగితం చూపించాను. "ఐదు పాయింట్లు తక్కువ గద సార్, ఇంకేం పోలుస్తం?" అన్నాడు. వాళ్లకు మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం ఉంది. "మీకు 110 బస్తాలు, పక్కాయనకు 150 బస్తాలు వచ్చినయ్. ఎవరి పంట బాగ పండినట్టు?" అని అడిగాను. క్షణం ఆలోచించలేదు. "ఆయనకెన్ని ఎకరాలు సార్?"

ఆ ప్రశ్నే ఈ పాఠం. అక్కడ ఎకరం, ఇక్కడ నిమిషం.

పాయింట్లను ఆడిన నిమిషాలతో భాగించి 36తో గుణించండి. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ముఖ్యమైన ఆటగాడు దాదాపు 36 ఆడతాడు కాబట్టి ఆ అంకె. యోకిచ్‌కు 27.5 వస్తుంది, వెంబన్యామాకు 25.9. ఐదు పాయింట్ల తేడా ఒకటిన్నరకు దిగింది. రీబౌండ్లు కూడా వేసి చూడండి. యోకిచ్‌కు 12.9, వెంబన్యామాకు 12.8, దాదాపు సమానం! మొదటిసారి ఈ లెక్క వచ్చినప్పుడు తప్పు చేశానేమో అని మళ్లీ వేశాను.

అయితే ఇద్దరూ సమానమని ఇక్కడే తేల్చేయకండి. నిమిషాలతో సర్దుకోని తేడాలు ఉంటాయి. యోకిచ్ మ్యాచ్‌కు 9 అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కు దారితీసిన పాస్‌లు) ఇచ్చి 3 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. కుర్రాడు 3.9 ఇచ్చి 3.7 సార్లు పోగొట్టుకున్నాడు. బుట్టలోకి వేసిన షాట్లు యోకిచ్‌వి నూటికి 58.3, వెంబన్యామావి 46.5. నా దృష్టిలో అసలు దూరం ఇక్కడుంది. బుట్ట దగ్గర ఆడే పొడగరి స్థానమైన సెంటర్‌లో నిలబడి, వీపు వెనక బుట్ట వైపు దూసుకెళ్లే తోటి ఆటగాణ్ణి పసిగట్టి పాస్ ఇవ్వడం ఎత్తుతో వచ్చేది కాదు, ఏళ్లు పడుతుంది. బ్లాకుల్లో (ఎదుటివాడి షాట్‌ను చేత్తో ఆపడం) మాత్రం లెక్క తిరగబడింది. కుర్రాడివి 3.6, యోకిచ్‌వి 0.9.

ఇంకో మెట్టు ఉంది. మా జిల్లా బత్తాయి రైతులెవరూ లేత చెట్టు తొలి కాపును ముదురు చెట్టు కాపుతో పోల్చరు. తొలి కాపును తొలి కాపుతోనే చూడాలి. యోకిచ్ మొదటి సీజన్, 2015-16, తీయండి: 21.7 నిమిషాలు, 10 పాయింట్లు. 36 నిమిషాలకు 16.6. తొలి సీజన్లను పోలిస్తే కుర్రాడు పాయింట్లలో చాలా ముందున్నాడు. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే ఏర్పాటు) 41వ స్థానంలో ఎంపికైన ఆ యోకిచ్ ఇంత ఎదుగుతాడని ఆనాటి అంకెలు చూసి చెప్పడం కష్టం. నాకు ఇష్టమైన సంగతి అదే.

అభ్యాసం: మీ ఊరి గ్రౌండ్‌లో వచ్చే మ్యాచ్‌కు గడియారం, నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఇద్దరు పొడగరి పిల్లల్ని ఎంచుకుని, కోర్టులోకి వచ్చిన నిమిషం, బయటికి వెళ్లిన నిమిషం రాయండి. మన మ్యాచ్‌లు 40 నిమిషాలవి కాబట్టి 36 బదులు 30తో గుణించండి. ఐదు నిమిషాలు ఆడి నాలుగు పాయింట్లు చేసినవాడికి 24 వస్తుంది, దాన్ని నమ్మకండి. ఒకే మ్యాచ్‌తో ఆపకుండా కనీసం నాలుగైదు మ్యాచ్‌లు కలిపాకే ఈ లెక్క వేయండి.