వెనకబడుతున్న సైక్లింగ్ జట్టును ఎలా పరిశీలించాలి

ఒక సైక్లింగ్ జట్టు సీజన్ మొత్తం తడబడుతుంటే చాలామంది ముందు నాయకుడి కాళ్లలో బలం తగ్గిందా అని చూస్తారు. నేను ముందు రైడర్లు పుట్టిన సంవత్సరాలు చూస్తాను. ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ జట్టును గమనిస్తూ వచ్చినప్పటి నుంచి నాకు ఈ పద్ధతి అలవాటైంది. 2022 చివర్లో ఆ జట్టూ, బెల్జియంకు చెందిన లోటో-సూడాల్ జట్టూ అగ్రశ్రేణి అయిన వరల్డ్ టూర్ నుంచి కిందికి దిగిపోయాయి. మీ అభిమాన జట్టు ఎందుకు గెలవడం లేదో తెలుసుకోవడానికి ఆ రెండు జట్ల కథ బాగా పనికొస్తుంది.

ముందుగా రైడర్ల జాబితా తీసుకోండి. వరల్డ్ టూర్ జట్టులో సుమారు 30 మంది ఉంటారు. కాగితం మీద నాలుగు గడులు గీయండి: పేరు, పుట్టిన సంవత్సరం, చివరి పెద్ద గెలుపు, ఆ గెలుపు ఏ జట్టులో ఉండగా వచ్చింది. నాలుగో గడిని అస్సలు వదలవద్దు. 2022 సీజన్ మధ్యకు వచ్చేసరికి ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ రైడర్లు క్రిస్ ఫ్రూమ్, యాకబ్ ఫుగల్‌సాంగ్, డారిల్ ఇంపీ ముగ్గురికీ 37 ఏళ్లు. ఫ్రూమ్ టూర్ డి ఫ్రాన్స్‌ను 2013, 2015, 2016, 2017లో గెలిచాడు. ఆ నాలుగూ స్కై జట్టులో ఉండగా వచ్చినవే. 2019 జూన్‌లో డాఫినే రేసు సమయంలో గోడను ఢీకొని తొడ ఎముక విరిగింది. ఆ తర్వాతే 2021లో ఈ జట్టుకు వచ్చాడు. ఆ ఏడాది టూర్‌లో అతడి స్థానం 133. ఫుగల్‌సాంగ్ లియేజ్-బాస్తోన్-లియేజ్, లొంబార్డియా అనే పెద్ద ఒకరోజు రేసులు గెలిచింది ఆస్తానా జట్టులో. ఇలా నాలుగో గడి నిండా పాత జట్ల పేర్లే ఉంటే, ఆ యాజమాన్యం జరిగిపోయిన గెలుపులకు జీతాలు ఇస్తోందని అర్థం. అలాగని అనుభవజ్ఞులు వద్దని నేను అనను. కొండ కింద సీసాలు మోసి, గాలికి అడ్డుగా నిలిచి, కుర్రవాళ్లకు దారి చూపేవాళ్లు ప్రతి జట్టుకూ కావాలి. అయితే ముగ్గురు, నలుగురు నాయకులు ఒకేసారి 35 దాటితే వాళ్ల వెనక ఎవరున్నారో వెతకాలి.

తర్వాత, జట్టు వరల్డ్ టూర్‌లో ఉంటుందా దిగిపోతుందా అన్నది తేల్చే పాయింట్ల పట్టిక చదవాలి. చాలామంది అభిమానులు దారి తప్పేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 2022లో ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ టూర్‌లో రెండు స్టేజీలు (రేసులో ఒక్కో రోజు భాగం) గెలిచింది. పాత జట్టు మూతపడి, ఒప్పందం లేక కొత్త సంవత్సరంలో అడుగుపెట్టిన సైమన్ క్లార్క్ రాళ్ల రోడ్డు మీద అయిదో స్టేజి గెలిచాడు. ఫువా పట్టణంలో ముగిసిన 16వ స్టేజిని యూగో ఊల్ గెలిచి, ప్రమాదంలో చనిపోయిన తమ్ముడికి అంకితమిచ్చాడు. ఆ సాయంత్రం ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చని అభిమాని ఉండడని నా నమ్మకం. అయినా జట్టు దిగిపోయింది. ఎందుకంటే అప్పటి లెక్కలో టూర్ స్టేజి గెలిస్తే 120 పాయింట్లు. ఎవరూ పెద్దగా చూడని ఒకటో తరగతి ఒకరోజు రేసు గెలిస్తే 125. పైగా ఏటా జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదిమందివే కూడేవారు. ఈ అన్యాయం గురించి గట్టిగా విమర్శలు వచ్చాయి. 2023 నుంచి టూర్ స్టేజికి 210 చేశారు, ఇరవై మంది పాయింట్లు లెక్కలోకి తెచ్చారు. కాబట్టి పాత సీజన్‌ను పరిశీలించేటప్పుడు ఆ ఏడాది నిబంధనలనే పక్కన పెట్టుకోండి.

ఈ లెక్కను లోటో జట్టు బాగా పట్టుకుంది. ఇరవై ఏళ్ల ఆర్నో డి లీని 2022 టూర్‌కు పంపలేదు; చిన్న ఒకరోజు రేసులకు పంపింది. ఆ ఏడాది అతడు తొమ్మిది గెలుపులు తెచ్చాడు. అయినా ఫలితం దక్కలేదు. వరల్డ్ టూర్ లైసెన్సు నిర్ణయమయ్యేది 2020, 2021, 2022 మూడేళ్ల మొత్తం మీద, తొలి రెండేళ్ల లోటు అంత పెద్దది. ఈ ఏడాది పట్టిక ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక దురదృష్టాన్నీ తప్పు నిర్ణయాన్నీ వేరుచేయాలి. 2022 వసంతంలో జబ్బులు, గాయాల వల్ల ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ బెల్జియంలోని టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ ఒకరోజు రేసుకు జట్టునే దింపలేకపోయింది. అది దురదృష్టం. ఆ జబ్బుపడ్డవాళ్ల స్థానాన్ని భర్తీ చేయగల కుర్రవాళ్లు జాబితాలో చాలినంతమంది లేకపోవడం మాత్రం ఎంపికలో లోపం. మీ జట్టు విషయంలో రేసు మధ్యలో తప్పుకున్న ప్రతి పేరు పక్కనా కారణం రాసుకోండి: పడిపోయారా, జబ్బా, సమయ పరిమితి దాటారా. చివరి కారణం ఎక్కువసార్లు కనిపిస్తే సమస్య శిక్షణలోనో, వయసులోనో ఉంటుంది.

ఆగస్టు 1న బదిలీల కాలం మొదలవుతుంది. ఆ నెలలో వచ్చే ప్రకటనలు జట్టు మనసును తేటగా చూపిస్తాయి. 2022 ఆగస్టులో, సీజన్ మధ్యలోనే, ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ జట్టు ఫ్లేష్ వాలోన్ రేసు విజేత డిలన్ త్యూన్స్‌ను తెచ్చుకుంది. అది పాయింట్ల కోసం పడిన ఆరాటం. అసలు మార్పు వేరేచోట జరిగింది: తమ అభివృద్ధి జట్టులో ఉన్న డెరెక్ జీని 2023కు పై జట్టులోకి తీసుకున్నారు. అతడు ఆ ఏడాది ఇటలీలో జరిగే జిరో రేసులో నాలుగుసార్లు స్టేజిలో రెండో స్థానం సాధించాడు, 2024 టూర్‌లో మొత్తం మీద తొమ్మిదోవాడుగా నిలిచాడు. 2023-25 మూడేళ్ల లెక్కలో దిగిపోయిన రెండు జట్లూ మళ్లీ మొదటి 18లోకి, అంటే వరల్డ్ టూర్‌కు అర్హమైన స్థానాల్లోకి వచ్చాయి. మీ జట్టు ఆగస్టు జాబితాలో 23 ఏళ్లలోపు పేర్లు ఎన్నో, 33 దాటినవి ఎన్నో లెక్కపెట్టి, కిందటి ఏడాది కాగితం పక్కన పెట్టి చూడండి.