విండోస్ వదలాల్నా వద్దా – 3వ పాఠం: పెన్‌డ్రైవ్ మీద నడిపి చూసుడు

పోయిన పాఠంల రోజూ వాడే సాఫ్ట్‌వేర్ల లిస్టు రాసుకోమన్న గదా, రాయనోళ్లు ఇప్పుడన్నా రాసుకోన్రి, ఇయ్యాల పనంతా ఆ కాయితం తోనే.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోని మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 పెడదామంటే టీపీఎం 2.0 (మిషన్ల ఉండే సెక్యూరిటీ చిప్పు) ఉండాలె, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచి మొదలు, హన్మకొండల సెకండ్‌హ్యాండ్ల తీసుకున్న 6వ జనరేషన్ ల్యాప్‌టాప్‌కు కంపెనీ లెక్క ప్రకారం ఆ దారి లేదు. అందుకే విండోస్ జాగల పెట్టుకునే ఫ్రీ సిస్టమ్‌లు లినక్స్ మింట్, ఉబుంటు అని అందరు అడుగుతున్నరు.

ఇప్పుడు లిస్టుల నుంచి బ్రౌజర్‌ల అయ్యే పనులు కొట్టేయున్రి, యూట్యూబ్, జీమెయిల్, కాకతీయ యూనివర్సిటీ రిజల్ట్స్ అన్నీ ఎక్కడైనా నడుస్తయ్. వర్డ్, ఎక్సెల్‌కు లిబ్రేఆఫీస్ ఉంది, మామూలు లెటర్లు, మార్కుల షీట్లకు సరిపోతది గని మ్యాక్రోలున్న (లోపల చిన్న ప్రోగ్రాంలు రాసి పెట్టిన) ఎక్సెల్ ఫైలు తెరిచి చూడందే నమ్మకున్రి.

ఇగ అసలు చిక్కు డీటీపీ చేసెటోళ్లకు. పెండ్లికార్డులు కొట్టే షాపుల తెలుగు ఎక్కువగ అనూ ఫాంట్లల్ల ఉంటది, అది యూనికోడ్ (అన్ని మిషన్లల్ల ఒకే తీరుగ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని మిషన్ల ఫైలు తెరిస్తే పెండ్లికొడుకు పేరు కాడ ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కలిసి కనిపిస్తయ్. ఫాంటు ఎక్కించుకుంటే సదువొచ్చు గని టైపింగ్‌కు అనూ స్క్రిప్ట్ మేనేజర్ కావాలె, అది విండోస్‌ది. టాలీ కూడ అంతే. వైన్ (విండోస్ సాఫ్ట్‌వేర్లను లినక్స్‌ల నడిపే ప్రోగ్రాం) పెట్టి నడపొచ్చంటరు గని గిరాకీ ఎదురుంగ కూసున్నప్పుడు అసొంటి ప్రయోగాలు వద్దు. నన్నడిగితే పైసలొచ్చే పని ఒక్కటి ఇరుక్కున్నా ఆ మిషన్ మార్చకున్రి, ఇంట్ల ఇంకోటుంటే దాని మీద నేర్చుకోన్రి.

స్లో అయిందని మార్చుదామనుకునేటోళ్లు ముందుగాల పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ ఏయించున్రి, సగంమంది మారుడే మర్చిపోతరు.

అయినా విండోస్ తీయకుంటనే మింట్ నడిపి చూద్దామంటే 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోన్రి, దాంట్ల ఉన్నదంతా పోతది కాబట్టి ఖాళీది చూసుకోన్రి. మింట్ ఐఎస్‌ఓ (మొత్తం సిస్టమ్ ఉండే ఒక్క ఫైలు) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించున్రి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ ఏసే తాళం) ఆన్ ఉంటే రికవరీ కీ ముందే కాయితం మీద రాసిపెట్టుకోన్రి, బూట్ సెట్టింగులు ముట్టుకుంటే అది అడగొచ్చు. రీస్టార్ట్ చేసి బూట్ మెనూ తెరవాలె, కంపెనీని బట్టి ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఉంటది, అండ్ల పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ తెరుచుకుంటది. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అని బొమ్మ కనిపిస్తది, అది మింట్‌ను మిషన్ల ఎక్కించేది, దాన్ని ఇయ్యాల ముట్టొద్దు.

వైఫై, సౌండు, కెమెరా, ప్రింటర్ చూడున్రి. ప్రింటరే ముఖ్యం, జిరాక్స్ షాపుల కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటియాటికి లినక్స్‌ల డ్రైవర్ పెట్టుడు తలనొప్పి పని. మూత మూసి తెరిచి చూడున్రి, నిద్రవోయిన ల్యాప్‌టాప్ లేస్తుందా లేదా అని. స్పీడ్ మాత్రం ఇప్పుడే లెక్కగట్టకున్రి, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా మెల్లగనే నడుస్తది.

ఏది నడిచింది, ఏది నడవలేదు అదే లిస్టు పక్కన రాసి పెట్టుకోన్రి. వచ్చే పాఠంల ఫైళ్ల బ్యాకప్.