బండి నేర్చుకోవాలంటే ముందు క్లచ్ చేతికి రావాలి

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చాక గేర్ల బండికి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అంటించి, పక్కన బండి నడపడం వచ్చినవాళ్లని పెట్టుకుని, హెల్మెట్‌తో ఖాళీ మైదానానికి వెళ్లండి. నూటపాతిక సీసీ లోపు బండి చాలు.

మొదట యాక్సిలరేటర్ జోలికి పోవద్దు. క్లచ్, అంటే ఎడమ చేతి లివర్, పూర్తిగా పట్టి, ఫస్ట్ గేరు వేసి, వేళ్లు మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కి బండి ముందుకి లాగుతుంది. అక్కడే వేళ్లు ఆపండి, రెండు గజాలు పోనిచ్చి మళ్లీ పట్టండి. ఇరవైసార్లయినా చేయాలి. ఒక్కసారిగా వదిలేస్తే బండి కుదుపుతో ఆగిపోతుంది.

బ్రేకులు రెండూ కలిపి, నెమ్మదిగా. మైపాడు, కొత్తపట్నం బీచ్ వైపు రోడ్డు మీద ఇసుక ఉంటే, మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. చక్రం జారిపోతుంది.

కిందికి చూడకుండా గేర్లు పడేదాకా హైవే ఎక్కకండి, లారీ గాలికే బండి ఊగుతుంది.