పాత వీడియో గేమ్ మెషీన్‌కు మాన్యువల్ దొరకడం లేదా? లక్షణం బట్టి ఎక్కడ వెతకాలి, ఏం చూడాలి

'ముస్తఫా మెషీన్ మాన్యువల్' అని వెతికి చూడండి. ఫోన్లో ఆడుకునే గేమ్ లింకులు, ఆట ఆడుతున్న వీడియోలు వస్తాయి తప్ప మాన్యువల్ రాదు. మనం ముస్తఫా అని పిలుచుకున్న ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. 1993లో కాప్‌కామ్ తెచ్చింది. అందులో ఎంచుకోగలిగే నలుగురిలో ఒకడి పేరు ముస్తఫా, అంతే.

అసలు పేరు తెలిసినా సగం పనే అవుతుంది. వీడియో గేమ్ షాపుల్లో నడిచిన మెషీన్లలో చాలావాటికి చెక్క పెట్టె ఒకచోట కట్టినది, మానిటర్ ఇంకోచోటిది, కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ బజార్లో కొన్నది, ఆట ఉండే సర్క్యూట్ బోర్డు మరెక్కడిదో. అలాంటి దానికి 'మెషీన్ మాన్యువల్' అనేదే ఉండదు. ముందు ఏ భాగం మొరాయిస్తోందో తేల్చుకుని, ఆ భాగం మీదున్న నంబరుతో వెతకాలి. కింద రాసినదంతా ఆ క్రమంలోనే ఉంది.

సమస్య: ఆట పేరుతో ఎంత వెతికినా స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) దొరకడం లేదు

కారణం: మీ దగ్గరున్నది అసలు కంపెనీ బోర్డు కాకపోవచ్చు, నకలు బోర్డు కావచ్చు. లేదా ఒకే ఆట రెండు మూడు రకాల బోర్డుల మీద వచ్చి ఉండొచ్చు.

పరిష్కారం: ప్లగ్ పీకేసి, వెనక తలుపు తీసి, బోర్డుకు రెండు వైపులా వెలుతురులో ఫొటోలు తీయండి. రాగి గీతలతో పాటు అచ్చయిన నంబరు, చిప్పుల మీది నంబర్లు, స్టిక్కర్ల మీది రాత స్పష్టంగా పడాలి. సెగా బోర్డయితే పని సులువు. 171తో మొదలయ్యేది ఖాళీ పలక నంబరు, 837 లేదా 834తో మొదలయ్యేది భాగాలన్నీ బిగించిన బోర్డు నంబరు, 315తో మొదలయ్యేవి వాళ్ళ సొంత చిప్పులు, ఈపీఆర్, ఎంపీఆర్ అని ఉన్నవి ఆట ప్రోగ్రామ్, బొమ్మలు దాచిన రోమ్ చిప్పులు. వెతకాల్సింది 837, 834 నంబర్లతో. 171తో వెతికితే వేరే ఆట తగలొచ్చు, ఎందుకంటే ఒకే పలక మీద చాలా ఆటలు వచ్చాయి. టైటో బోర్డుల్లో రోమ్ స్టిక్కరు మీది మొదటి మూడక్షరాలే ఆట గుర్తు. ఏ78 అని ఉంటే అది బబుల్ బాబుల్.

ఏ గుర్తూ లేని నకలు బోర్డయితే రోమ్ చిప్పునే అడగాలి. చిప్పు ఒక చివరనున్న గాడి ఎటు ఉందో ఫొటో తీసుకుని, చిన్న స్క్రూడ్రైవరుతో రెండు వైపులా కొద్దికొద్దిగా లేపి తీయండి. ఈప్రోమ్ రీడరులో (చిప్పులోనిది కంప్యూటరుకు ఎక్కించే పరికరం) చదివించి, ఆ ఫైలును పాత ఆటలను కంప్యూటర్లో నడిపే మేమ్ అనే ఎమ్యులేటర్‌లోని రోమ్‌ఐడెంట్ ఆదేశానికి ఇస్తే, ఆ ఫైలు దాని జాబితాలో ఉంటే ఏ ఆటదో, అందులో ఏ వెర్షనుదో చెప్పేస్తుంది. చిప్పు తిరిగి పెట్టేటప్పుడు గాడి తిరగబడితే చిప్పు మాడిపోతుంది. స్టిక్కరు మాత్రం పీకకండి. దాని కింద గాజు కిటికీ ఉంటుంది, ఎండ తగిలితే అందులోని ప్రోగ్రామ్ కాలక్రమేణా చెరిగిపోతుంది.

మేమ్ అంటే ఆడుకోవడానికే అనుకుంటారు చాలామంది. 1997లో మొదలైనప్పటి నుంచీ దాని సోర్సు కోడులో ప్రతి బోర్డుకూ ప్రాసెసర్ ఏది, క్లాక్ ఎంత, బోర్డు మీది సెట్టింగుల చిన్న స్విచ్చులు (డిప్ స్విచ్చులు) ఏం చేస్తాయి అన్నది రాసుకుంటూ వచ్చారు. కొన్ని ఫైళ్ళ మొదట్లో చిప్పుల అమరిక బొమ్మ కూడా అక్షరాలతో గీసి ఉంటుంది. మాన్యువల్ లేని బోర్డుకు అంతకంటే మంచి పత్రం దొరకదు.

సమస్య: మాన్యువల్ దొరికింది, కానీ అందులోని వైర్లకూ మెషీన్లోని వైర్లకూ పొంతన లేదు

కారణం: మాన్యువల్ అసలు పెట్టెది, మీ పెట్టె కాదు. వైర్ల రంగులు చూసి కలిపితే బోర్డు పోతుంది.

పరిష్కారం: బోర్డు అంచున ఉన్న పళ్ళు లెక్కపెట్టండి. ఒక్కో వైపు 28, మొత్తం 56 ఉండి, పళ్ళ మధ్య దూరం 3.96 మి.మీ. అయితే దాదాపుగా జామా కనెక్షనే. 1985లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతిలో చిప్పుల వైపు 1, 2 గ్రౌండ్, 3, 4 ప్లస్ 5 వోల్టులు, 5 మైనస్ 5, 6 ప్లస్ 12. కింది వైపూ ఇవే వరసలో ఉంటాయి. 7 దగ్గర పన్ను ఉండదు, అక్కడ గాడి. స్పీకరు 10 దగ్గర రెండు వైపులా. 12 బొమ్మలోని ఎరుపు సిగ్నల్, దాని కింద ఆకుపచ్చ, 13 నీలం, దాని కింద సింక్ (బొమ్మను నిలకడగా ఉంచే సిగ్నల్), 14 వీడియో గ్రౌండ్. 15 టెస్ట్ స్విచ్చు, 16 కాయిన్, 17 స్టార్ట్. 18 నుంచి 21 దాకా స్టిక్ పైకి, కిందికి, ఎడమ, కుడి. 22, 23, 24 బటన్లు. పై వైపు మొదటి ఆటగాడిది, కింది వైపు రెండో ఆటగాడిది. ఈ పది పన్నెండు వాక్యాలు ఒక అట్టముక్క మీద రాసి పెట్టె లోపల అంటిస్తే మాన్యువల్లో సగం చేతికి వచ్చినట్టే.

గాడి దగ్గర ప్లాస్టిక్ ముక్క ఊడిపోయిన కనెక్టరును తలకిందులుగా గుచ్చితే 12 వోల్టుల లైను పోయి బటన్ పన్ను మీద పడుతుంది. కొత్తగా చేయి పెట్టినవాళ్ళు బోర్డులు మాడ్చేది ఎక్కువగా ఇలాగే.

పళ్ళు 56 కంటే తక్కువ ఉంటే ఆగండి. 1980 నాటి పాక్‌మన్ బోర్డుకు 44 ఉంటాయి, దానికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ కరెంటే నేరుగా వెళ్తుంది. దానికి జామా అడాప్టరు కట్టకుండా ముట్టుకోవద్దు.

సమస్య: స్ట్రీట్ ఫైటర్ 2లో గుద్దులు పడుతున్నాయి, తన్నులు పడడం లేదు

బోర్డు చెడలేదు. జామాలో ఒక్కో ఆటగాడికి మూడు బటన్లకే చోటుంది, ఆ ఆటకు ఆరు కావాలి. మిగతా మూడూ బోర్డు మీద విడిగా ఉండే కనెక్టరు ద్వారా వస్తాయి. ఆ తీగ ఊడి ఉంటుంది, లేదా అసలు పెట్టి ఉండరు. 'కిక్ హార్నెస్' అని వెతికితే పిన్నుల పటం దొరుకుతుంది. మీ బోర్డు కాప్‌కామ్ బోర్డు రకాల్లో సీపీఎస్-1దా, సీపీఎస్-2దా అన్నది మాత్రం ముందే చూసుకోండి, రెండింటి కనెక్టర్లు ఒకటి కావు.

సమస్య: పది నిమిషాలు ఆడాక ఆట దానంతటదే మొదటికి వస్తోంది

కారణం: బోర్డుకు చేరే 5 వోల్టులు తగ్గుతున్నాయి. ఆ తరం చిప్పులకు 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అంతకంటే దిగితే ప్రాసెసర్ రీసెట్ అవుతుంది.

పరిష్కారం: మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎస్ఎంపీఎస్ స్క్రూల దగ్గర కాదు, బోర్డు నడుస్తుండగా ఏదైనా టీటీఎల్ చిప్పు (చిన్న లాజిక్ చిప్పు) కాళ్ళ మీదే కొలవాలి. 14 కాళ్ళ చిప్పుల్లో చాలావాటికి 7వ కాలు గ్రౌండ్, 14వ కాలు 5 వోల్టులు. అక్కడ 4.6, ఎస్ఎంపీఎస్ దగ్గర 5.0 ఉంటే ఆ 0.4 దారిలో పోతోందని అర్థం. కనెక్టరు తీసి చూడండి, 3, 4 పళ్ళ దగ్గర నల్లగా మాడి ఉంటుంది. బోర్డు వైపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కనెక్టరులో స్ప్రింగు పట్టు పోయిన పిన్నులు మార్చండి. 5 వోల్టుకు, గ్రౌండుకు రెండేసి పళ్ళు ఇచ్చినది ఊరికే కాదు, అన్నింటికీ వైరు ఉండాలి.

ఎస్ఎంపీఎస్ మీది చిన్న స్క్రూ తిప్పి 5.5కి పెంచేసి 'రిపేరైంది' అనే మెకానిక్‌ను నమ్మకండి. కనెక్టరు శుభ్రం చేసిన రోజున ఆ 5.5 మొత్తం బోర్డు మీద పడుతుంది.

రెండు చోట్లా 4.6 ఉంటే ఎస్ఎంపీఎస్ లోపలి కండెన్సర్లు ఉబ్బి ఉండొచ్చు. ఇలాంటి వాటికి కండెన్సర్లు మార్చే బదులు కొత్తది కొనడమే చవక. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే 12 వోల్టుల లైను చూడండి, చాలా బోర్డుల్లో ఆడియో యాంప్లిఫయర్‌కు కరెంటు అక్కడి నుంచే.

సమస్య: ఆట శబ్దం వస్తోంది, తెర మీద అడ్డంగా ఒక్క గీతే

ఇది గేమ్ బోర్డు తప్పు కాదు, మానిటర్లో బొమ్మను పైకీ కిందికీ పరిచే భాగం, అంటే వర్టికల్ సెక్షన్ పోయింది. దీనికి ఆట మాన్యువల్ ఎందుకూ పనికిరాదు. మానిటర్ వెనక చాసిస్ (సర్క్యూట్ పలక) మీది నంబరు కావాలి. వెల్స్ గార్డ్‌నర్ కే7000, ఎలక్ట్రోహోమ్ జీ07 లాంటి వాటికి పూర్తి సర్వీస్ మాన్యువళ్ళు, మార్చాల్సిన కండెన్సర్ల జాబితాలు నెట్‌లో ఉన్నాయి. స్థానికంగా టీవీ చాసిస్‌తో కట్టినదైతే వర్టికల్ ఐసీ నంబరు చూడండి. ఎల్ఏ7830 లాంటివి టీవీల్లోనూ వాడారు కాబట్టి ఆ ఐసీ డేటాషీటే మీ మాన్యువల్.

ముందు చేయాల్సింది బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించడం. లేకపోతే ఆ గీత పిక్చర్ ట్యూబు మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది. తర్వాత యోక్ (ట్యూబు మెడ మీది తీగ చుట్ట) కనెక్టరు కాళ్ళ చుట్టూ భూతద్దంతో చూడండి. సోల్డరులో సన్నటి గుండ్రటి పగులు కనిపిస్తే అది డ్రై సోల్డర్, మళ్ళీ సోల్డర్ చేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కాకపోతే వర్టికల్ ఐసీ, దాని చుట్టూ ఉన్న కండెన్సర్లు మార్చాలి.

ట్యూబు మీది రబ్బరు కప్పు కింద 20 వేల వోల్టుల పైమాటే, స్విచ్ ఆపాక కూడా నిలిచి ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు పాత టీవీ మెకానిక్‌ను పిలవడమే మంచిది. ఈ మెషీన్లలో ఉండే 15 కిలోహెర్ట్జ్ మానిటరంటే వాళ్ళ భాషలో ఆర్‌జీబీ ఇన్‌పుట్ ఉన్న టీవీ, అంతకంటే కొత్తదేమీ కాదు. ఆ మెకానిక్‌కు తప్పక చెప్పాల్సింది ఒకటుంది: పైన చెప్పిన అమెరికా చాసిస్‌లు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే నడవాలి, వోల్టేజీ కూడా 110 దగ్గరిది. వాటిని 230 లైనుకు నేరుగా కలపకూడదు.

ట్యూబే పోయి కంప్యూటర్ మానిటరు పెడితే తెర నల్లగానే ఉంటుంది. అది కనీసం 31 కిలోహెర్ట్జ్ అడుగుతుంది, బోర్డు ఇచ్చేది 15.7. మధ్యలో జీబీఎస్-8200 లాంటి కన్వర్టర్ బోర్డు పెట్టాలి.

సమస్య: కరెంటు సరిగా ఉంది, తెర నిండా చెత్త అక్షరాలు, ఆట మొదలవదు

సాకెట్లలోని చిప్పులను వేలితో నొక్కి చూడటం మొదటి పని. తుప్పు పట్టిన సాకెట్లే ఇందులో సగం కేసులకు కారణం కావచ్చు. తర్వాత లాజిక్ ప్రోబ్, అంటే చిప్పు కాలు హైలో (5 వోల్టుల వైపు) ఉందో, లోలో (సున్నా వైపు) ఉందో చూపే పరికరం. జడ్80 ప్రాసెసరైతే 11వ కాలు 5 వోల్టులు, 29 గ్రౌండ్, 6 క్లాక్, 26 రీసెట్. రీసెట్ ఎప్పుడూ హైలో ఉండాలి. గడియారంలా టిక్కు టిక్కుమని పడిపోతుంటే ప్రోగ్రామ్ ఆగిపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ సర్క్యూట్ ప్రాసెసర్‌ను మళ్ళీ మళ్ళీ లేపుతోందని అర్థం, అంటే ప్రోగ్రామ్ రోమ్ లేదా ర్యామ్ దగ్గర చిక్కు. 68000 ప్రాసెసరైతే రీసెట్ 18, హాల్ట్ 17, క్లాక్ 15. జపాన్ బోర్డుల్లో ఫుజిట్సు టీటీఎల్ చిప్పులు కనిపిస్తే ముందు వాటినే అనుమానించండి. అవుట్‌పుట్ కాళ్ళు హై, లో రెండూ కాకుండా చచ్చుబడి ఉంటాయి.

తెర మొత్తం ఒకే రంగు నిండిన కాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డు కథ వేరు. అందులోని 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ అయిపోతే ఆట ప్రోగ్రామ్‌కు వేసిన రహస్య తాళాన్ని విప్పే కీ చెరిగిపోతుంది. అక్కడ చిప్పులు మార్చి లాభం లేదు. 2016 తర్వాత ఆ కీని చిన్న ఆర్డువినో బోర్డుతో తిరిగి ఎక్కించే పద్ధతి బయటికొచ్చింది, వివరాలు బహిరంగంగానే ఉన్నాయి.

సమస్య: కాయిన్ వేస్తే కింది నుంచి బయటికి వచ్చేస్తోంది

1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ళ 25 మి.మీ., 2011 నుంచి వచ్చినది సుమారు 22 మి.మీ. పాత కాయిన్ మెకానిజం కొత్తదాన్ని వద్దంటుంది. నమూనా బిళ్ళతో పోల్చి చూసే రకమైతే లోపలి గాడిలోని పాత రూపాయి తీసి కొత్తది పెట్టండి, అంతే పని. తూకం, సైజు చూసే ఇనుప రకమైతే దాన్నే మార్చాలి.

సమస్య: స్కీమాటిక్ దొరికింది, అంకెలు కనిపించడం లేదు

మడత కాగితాలను ముక్కలుగా స్కాన్ చేసినవి ఇలాగే ఉంటాయి. అదే పత్రానికి ఇంకో స్కాన్ వెతకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ఆర్కేడ్ మాన్యువళ్ళ సేకరణ, ఇంటర్నేషనల్ ఆర్కేడ్ మ్యూజియం వెబ్‌సైటు రెండూ చూడాలి. అటారీ ఆటలకు మాన్యువల్ వేరు, స్కీమాటిక్ ప్యాకేజీ వేరు. టీఎంతో మొదలయ్యేది మాన్యువల్, డీపీ లేదా ఎస్‌పీతో మొదలయ్యేవి డ్రాయింగులు. టీఎం ఒక్కటే దించుకుని అందులో సర్క్యూట్ లేదని నిరాశపడేవాళ్ళు ఎక్కువ.

తెలిసినవాళ్ళను అడిగేటప్పుడు 'మెషీన్ పనిచేయడం లేదు' అని రాస్తే ఎవరూ పలకరు. బోర్డు నంబరు, చిప్పు దగ్గర కొలిచిన 5 వోల్టుల విలువ, రీసెట్ కాలు స్థితి, తెర ఫొటో, ఇప్పటికే మార్చిన భాగాలు రాయండి. చిప్పులు, కనెక్టర్లు కొనడానికి హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ ఉన్నాయి. అక్కడ ఆట పేరు చెబితే ఎవరికీ తెలియదు. '56 పిన్ ఎడ్జ్ కనెక్టర్, 3.96 పిచ్' అని అడగండి, పాత బోర్డు ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళి అందులో గుచ్చి చూసి కొనండి.