12 తీగల పాత గిటార్: లేచిన బ్రిడ్జిని మళ్లీ అతికించిన విధం
పాత గిటార్ కొనేముందే పొడవాటి స్టీలు స్కేలును ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) మీద ఆనించి బ్రిడ్జి (తీగల కింది కొసలను పట్టి ఉంచే, పైచెక్కకు అతికించిన ముక్క) దాకా చూడాలి. కొస బ్రిడ్జి పైఅంచును రాసుకుంటూ పోతే మంచిది. బాగా కిందికి తగిలితే మెడ కోణం మారిపోయినట్టే. ఆ మరమ్మతు ఖర్చు చాలాసార్లు గిటార్ ధరనే మించుతుంది, వదిలేయండి.

కడపలో నేను బాగుచేసినదానికి మెడ బాగానే ఉంది, బ్రిడ్జి వెనకంచు మాత్రం లేచింది. విజిటింగ్ కార్డు సులువుగా దూరింది. మామూలు శ్రుతిలో 12 తీగల లాగుడు 100 కిలోలు దాటుతుంది. పైగా మా ఎండాకాలపు పొడిగాలికి చెక్క ముడుచుకుపోతుంది.

సందులో జిగురు పోసి నొక్కితే నిలవదు, బ్రిడ్జిని పూర్తిగా ఊడదీయాల్సిందే. తీగలు తీసి, వేడిచేసిన పలుచటి పుట్టీ బ్లేడును కొంచెం కొంచెంగా దూర్చాను. తొందరపడితే పైచెక్క నారలు లేచొస్తాయి. రెండువైపులా అసలు చెక్క కనబడేదాకా పాత జిగురు గీకి, హైడ్ గ్లూ (జంతు చర్మంతో చేసే జిగురు) రాశాను. మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడి, లాగుడుకు మెల్లగా జారుతుంది. లోపల అడ్డుచెక్క పెట్టి 3 క్లాంపులతో 24 గంటలు బిగించాలి.

తర్వాత 10–47 తీగల సెట్ (అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి, లాగుడు తగ్గేలా శ్రుతి రెండు ఫ్రెట్లు దించాను. అసలు శ్రుతి కావాలంటే రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ అదిమిపట్టే బిగింపు) పెట్టుకోవచ్చు. వేసవిలో చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంచి, గిటార్ కేసులో తేమ 45–55 శాతం ఉండేలా చూడాలి.