బ్యాక్‌స్ట్రోక్‌లో తల గోడకు తగలకుండా

వెల్లకిలా ఈదే పిల్లలకు గోడ ఎంత దూరంలో ఉందో కనపడదు. తల తగులుతుందేమోనన్న భయంతో మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తారు, వేగం కాస్తా పోతుంది. పోటీలు జరిగే కొలనుల్లో గోడకు 5 మీటర్ల ఇవతల, నీటికి కనీసం 1.8 మీటర్ల ఎత్తున జెండాల తాడు ఉంటుంది. ఇక్కడ బరంపురంలో మా అమ్మాయి నేర్చుకునే చోట అది లేదు.

అడిగి మేమే కట్టుకున్నాం. టేపుతో గోడ నుంచి 5 మీటర్లు కొలిచి, రెండు గట్లమీదా వెదురు కర్రలు నిలిపి, నైలాన్ తాడు బిగించి పాత చీర ముక్కలు వేలాడదీశాం. (నూలు చీరే. పట్టుకు పేరుపడ్డ బరంపురంలో పట్టు చీర చింపితే ఇంట్లో ఉండనిస్తారా!)

తాడు కళ్లమీదకు రాగానే లెక్క మొదలుపెట్టాలి. గోడ చేరేదాకా చెయ్యి నీళ్లలో పడ్డ ప్రతిసారీ ఒక అంకె. మొదట్లో పది సార్లు ఎవరో ఒకరు గోడ దగ్గర కూర్చుని తలకు అరచెయ్యి అడ్డం పెట్టాలి. మా అమ్మాయికి ఆరు వచ్చింది. మలుపు దగ్గరైతే ఒక అంకె ముందే బోర్లా తిరిగి, ఆ ఊపుతోనే పల్టీ కొట్టొచ్చు. ముగింపులో మాత్రం వెల్లకిలా ఉండగానే గోడ తాకాలి, బోర్లా తిరిగితే డిస్‌క్వాలిఫై.

ఒక్క జాగ్రత్త. నెమ్మదిగా ఈదినప్పటి లెక్క పోటీలో తప్పుతుంది. పోటీ వేగంతో విడిగా లెక్కపెట్టుకోవాలి, పిల్లలు పొడుగయ్యాక మళ్లీ చూసుకోవాలి.