'ఫొటో ఫినిష్' అంటే ఏంటి? ఆ ఫొటోను చదవడం, ఆ మాటను వాడడం ఎలా?

ఓట్ల లెక్కింపు రోజు టీవీల్లో, క్రికెట్ కామెంటరీలో 'ఫొటో ఫినిష్' అనే మాట తెగ వినిపిస్తుంది. పోటీ హోరాహోరీగా ఉంటే చాలు, తగిలించేస్తారు. నిజానికి కంటికి ఎవరు గెలిచారో తెలియక, ఫొటో చూసి తేల్చాల్సి వచ్చిన ముగింపుకే ఆ పేరు. ఎలా తేలుస్తారో తెలిస్తే ఎక్కడ వాడాలో కూడా తెలుస్తుంది.

1. అది మామూలు ఫొటో కాదని గుర్తుపెట్టుకోండి

మాట పుట్టింది గుర్రప్పందేల్లో. మామూలు కెమెరా ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, గుర్రం ముక్కు ముగింపు గీతను తాకిన ఆ క్షణమే తప్పిపోవచ్చు. అందుకని 1937లో కాలిఫోర్నియాలోని డెల్ మార్ రేస్‌కోర్సులో లొరెంజో డెల్ రిచియో అనే ఇంజినీరు చేసిన కొత్త రకం కెమెరా పెట్టారు. అందులో ఒక సన్నటి నిలువు చీలిక ఉంటుంది. అది ముగింపు గీతను తప్ప ఇంకేమీ చూడదు. దాని వెనకాల ఫిల్మ్ ఆగకుండా జరుగుతూ ఉంటుంది. అంటే ఫొటోలో ఎక్కడ చూసినా ఉండేది ఆ గీతే, మారేది సమయం. గీత మీద ఆనిన పాదం సాగదీసిన రబ్బరులా కనిపించేది ఇందుకే. ఇప్పుడు ఫిల్మ్ పోయి డిజిటల్ వచ్చింది, పద్ధతి మాత్రం మారలేదు.

2. చూడాల్సిన భాగాన్నే చూడండి

గుర్రానికైతే ముక్కు. మనిషికైతే మొండెం. తల, మెడ, చేతులు, కాళ్లు లెక్కలోకి రావు. చాలామంది పొరపడేది ఇక్కడే. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల 100 మీటర్ల ఫైనల్ ఫొటోలో జమైకా రన్నర్ కిషేన్ థాంప్సన్ పాదం ముందుంది, స్వర్ణం మాత్రం అమెరికా రన్నర్ నోవా లైల్స్‌ది. ఛాతీ ముందు దాటింది అతనిదే. పరుగు అయ్యాక థాంప్సనే గెలిచాడనుకున్నానని లైల్స్ కూడా చెప్పాడు.

చివరి అడుగులో ఛాతీని ముందుకు వంచమని కోచ్‌లు పోరు పెట్టేది ఇందుకే. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లలో ముగించింది. కాంస్యం రొమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారుకు వెళ్లింది, 55.41తో. మన దేశంలో ఆ సెకనులో వందోవంతు గురించి ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారు.

3. అంకె చదవండి

తెర మీద మొండెం ముందు అంచుకు నిలువు గీత ఆనిస్తే సమయం కనిపిస్తుంది, సెకనులో వెయ్యోవంతు దాకా. పారిస్‌లో లైల్స్‌ది 9.784, థాంప్సన్‌ది 9.789. రికార్డుల్లో ఇద్దరికీ 9.79 అనే ఉంటుంది, ఎందుకంటే ట్రాక్ పందేల్లో వెయ్యోవంతును పైకే సవరిస్తారు. స్థానం తేల్చడానికి మాత్రం చుక్క తర్వాతి ఆ మూడో అంకే దిక్కు.

4. అదీ సమానమైతే 'డెడ్ హీట్' అనండి

పాత రోజుల్లో ఒకే పందేన్ని 'హీట్లు'గా కొన్ని విడతల్లో పరిగెత్తించేవారు. విజేత తేలని విడత చెల్లదు, అంటే 'డెడ్'. 2012 అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో (జట్టు ఎంపిక పోటీల్లో) 100 మీటర్ల రన్నర్లు ఆలిసన్ ఫెలిక్స్, జెనెబా టార్మో మూడో స్థానానికి 11.068 సెకన్ల దగ్గర సమానంగా నిలిచారు. తేల్చడానికి ఇద్దరూ మళ్లీ పరిగెత్తాల్సి ఉండగా టార్మో తప్పుకుంది.

5. ఇక వాడండి

పోటీ ఇంకా నడుస్తుంటే అది 'నెక్ అండ్ నెక్', మన 'నువ్వా నేనా'. చివరి నిమిషం దాకా తేలకపోతే 'డౌన్ టు ద వైర్'. అమెరికా రేస్‌కోర్సుల్లో ముగింపు గీత పైన కట్టే తీగ నుంచి వచ్చిందది. 2019లో ఉప్పల్‌లో ముంబై చివరి బంతికి చెన్నైపై ఒక్క పరుగుతో గెలిచిన ఐపీఎల్ ఫైనల్‌కు సరిపోయేది ఇదే. అక్కడ గెలిచిందెవరో అంపైర్ వేలెత్తగానే తెలిసిపోయింది, ఫొటో అక్కర్లేకపోయింది. రీకౌంటింగ్ అయ్యేదాకా విజేత ఎవరో తెలియని ఎన్నికనైతే ఫొటో ఫినిష్ అనొచ్చు, నాకు అభ్యంతరం లేదు.